మంగళవారం పోయిన మనిషి

మా ఆఫీసుకు చావులు తంతి కాగితాల మీద వచ్చేవి. ఉదయం పదిగంటలకు నేను బల్ల దగ్గర కూర్చునేసరికి, ముందురోజు లైను మీద జరిగిన ప్రమాదాల తంతులన్నీ ఒక ఇనుప ముల్లుకు గుచ్చి ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా తీసి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని నాలుగు ప్రశ్నలు వేసుకుని, పెద్ద పట్టీలో తగిన గడిలో ఎక్కించడం నా పని. గోదావరి మీద వంతెన కట్టి రైళ్లు నడుస్తున్న కొత్తరోజులవి. రాజమండ్రిలో నాలాంటి గుమాస్తాలు చాలామందే ఉండేవారు. కాని లైను మీద ఈ నెల ఎంతమంది పోయారని ఎవరైనా అడిగితే చూడకుండా చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

ఆ పట్టీలో మనుషులు మూడు జాతులు. టిక్కెట్టు కొన్న ప్రయాణికులు ఒకటి, రైల్వే నౌకర్లు రెండు, ఈ రెండూ కాక పట్టాల మీద నడిచేవాళ్లు మూడు. పొలం గట్టు మీద నడిచినట్టే మనవాళ్లు రైలుకట్ట మీద నడిచేవారు. వానాకాలంలో చుట్టుపక్కలంతా నీళ్లు నిలిస్తే ఆరిన దారి అదొక్కటే మరి. అందుకని మూడో జాతి గడి ఎప్పుడూ నిండుగా ఉండేది. ప్రతి జాతి కిందా మళ్లీ రెండు వరుసలు: తన చేతిలో లేని కారణం వల్ల పోయినవాళ్లు, తన అజాగ్రత్త వల్ల పోయినవాళ్లు. ఏ మనిషిని ఏ గడిలో వెయ్యాలో తేల్చడానికి ఒక్కోసారి నాకు ఒక పూట పట్టేది. మా హెడ్ గుమాస్తాగారికి అది నవ్వులాట. "యముడి దగ్గర చిత్రగుప్తుడు కూడా ఇంత ఆలోచించడయ్యా" అనేవారు.

గేటుమేనో, పట్టాలు చూసే మేస్త్రీయో మొదట చూస్తాడు. పరుగెత్తి స్టేషను మాస్టరుకు చెప్తాడు. ఆయన రిజిస్టరులో రాసి మాకు తంతి కొడతాడు. నేను నెల పట్టీ చేస్తాను. మూణ్నెల్లకొకసారి అది మద్రాసు వెళుతుంది. ఏడాది చివర అన్ని లైన్ల లెక్కలూ కలిపి సర్కారువారు పుస్తకం అచ్చు వేస్తారు. ఎక్కడో చేను పక్కన, లాంతరు పట్టుకున్న ఒక మనిషి నోటి నుంచి వచ్చిన మాట అన్ని చేతులు మారి చివరికి అచ్చులో ఒక అంకెగా నిలబడుతుందని తలుచుకుంటే నా ఒళ్లు పులకరించేది. ఆ చేతుల్లో నాదీ ఒకటని నాకు గర్వం.

నేను మెట్రిక్యులేషను తప్పినవాణ్ని. మా నాన్న కాలువ లాకుల దగ్గర గుమాస్తా. నాకు పదిహేనేళ్లప్పుడు పోయారు. తర్వాత నాకు వచ్చిన చదువంతా పఠనాలయంలో వచ్చిందే. ఒక వర్తకుడి మేడ మీద రెండు గదులు, నాలుగు బీరువాలు, కాళ్లు ఊగే బల్ల ఒకటి. ఏ పుస్తకం ముందు చదవాలో చెప్పేవాళ్లు నాకు లేరు, అందుకని బీరువా చెప్పినట్టు విన్నాను. ఎడమవైపు మొదటి బీరువా పై అర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. ఆవిరి యంత్రాల తర్వాత తేనెటీగలు, తేనెటీగల తర్వాత రోము నగర చరిత్ర, ఆ తర్వాత దేశదేశాల పంచాంగాల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అర్థం కాని మాటలు ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ని. అర్థమైనవి ఇంకో నోటుబుక్కులోకి.

ఆ పంచాంగాల పుస్తకం చివర ఒక పట్టిక ఉంది. ఏ ఇంగ్లీషు తేదీకైనా ఏ వారమో దాన్నిబట్టి తీయవచ్చు. నేను మొదట తీసింది నా పుట్టినరోజు. మా నాన్న లాకుల గడియారం చూసుకుని తన డైరీలో రాసిన తేదీ, వేళ నా దగ్గర ఉన్నాయి: తెల్లవారుజామున నాలుగున్నర. లెక్క వేస్తే ఆదివారం తేలింది. నా జాతకంలో మాత్రం శనివారమని ఉంది. ఆ శనివారం కారణంగానే మా అమ్మ చిన్నప్పటి నుంచీ నా చేత నువ్వులనూనె దీపం పెట్టిస్తూ వస్తోంది. నేను ఇంటికి పోయి, ఇన్నేళ్లూ వెలిగించిన నూనె వృథా అని, జాతకం రాసినాయనా నువ్వూ కలిసి నా వారం తప్పు చెప్పారని, కాగితం మీద లెక్క చూపించాను.

మా అమ్మ ఆ కాగితం వైపు చూడలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ, "నిన్ను కన్నది నేనా, ఆ పుస్తకమా?" అంది.

నేను నవ్వుకున్నాను. పాపం, చదువులేనిది అనుకున్నాను.

ఆ రోజుల్లోనే నాకొక ఆలోచన వచ్చింది. రైలు కింద పడి ఎవరైనా పోతే మా స్టేషను మాస్టరు ఒకవైపు రాస్తాడు, ఆ ఊరి మునసబు ఇంకోవైపు రాస్తాడు. మునసబు శవాన్ని చూసి పంచనామా చేసి తాలూకాకు పంపితే, అక్కడినుంచి కాకినాడ కలెక్టరు కచేరీకి వెళుతుంది. వాళ్ల దగ్గరా ఒక పట్టీ తయారవుతుంది. ఈ రెండు పట్టీలూ ఎన్నడూ ఒకదాని ముఖం ఒకటి చూడలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఏది మరిచారో తెలిసిపోతుంది కదా అని నేను అర్జీ రాశాను. మా పైదొర అంకెలంటే ప్రాణం పెట్టే మనిషి. వెంటనే ఒప్పుకుని కలెక్టరు కచేరీ నుంచి పట్టీ నకలు తెప్పించారు.

రెండు పట్టీలూ బల్ల మీద పరిచి, ఎడమచేతి వేలు ఒకదాని మీద, కుడిచేతి వేలు ఇంకోదాని మీద పెట్టుకుని దిగుతూ వచ్చాను. చాలావరకు సరిపోయాయి. ఒక్కచోట వేలు ఆగింది. రాజమండ్రికి తూర్పున, కాలువ పక్కన ఉన్న ఒక గేటు దగ్గర మంగళవారం తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒక మేదరి మనిషి, బుట్టలల్లి అమ్ముకునేవాడు, మెయిలు బండి తగిలి పోయాడని మునసబు పట్టీలో ఉంది. మా పట్టీలో మంగళవారానికి ఏమీ లేదు. మర్నాడు బుధవారం నాలుగుంపావుకు మాత్రం అదే మైలులో గుర్తుతెలియని పురుషుడొకడు పోయినట్టు ఉంది. మునసబు పట్టీలో బుధవారానికి ఏమీ లేదు.

ఒకే మనిషేమోనన్న అనుమానం నాకు రాకపోలేదు. కాని ఒక మనిషి రెండు రోజులు చావడు కదా. రెండు తేదీలు, రెండు పట్టీలు, ఒకచోట ఊరూ వృత్తీ తెలిసిన మనిషి, ఇంకోచోట ఎవరో తెలియని మనిషి. ఇద్దరు పోయారు, ఒక్కొక్క కచేరీ ఒక్కొక్కణ్ని మరిచింది అని తేల్చాను. దాచిన చావును పట్టుకున్నాననుకుని మంచి చేవ్రాతతో దొరకు కాగితం పెట్టాను. ఆయన ఆ కాగితం అంచున "భేష్" అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాట రాశారు. ఆ సాయంత్రం మిత్రులకు మిఠాయి పెట్టాను.

ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో అప్పుడు నేను ఆలోచించలేదు.

పది రోజులకు దొర స్వయంగా తనిఖీకి బయల్దేరారు. తెలుగు చెప్పడానికి నన్ను వెంటబెట్టుకున్నారు. నలుగురు మనుషులు నెట్టే ట్రాలీ మీద ఆ గేటుకు చేరాం. గేటుమేన్‌కు యాభై ఏళ్లు ఉంటాయి. కాలువ మీద పడవలు లాగిన మనిషి, భుజాలింకా గట్టిగా ఉన్నాయి. పట్టాల పక్కన ఒంటిగది ఇల్లు, దాని మీదికి పాకించిన ఆనపపాదు, గుమ్మంలో భార్య. ఆ ఇల్లు గేటుతో వచ్చింది, గేటుతోనే పోతుంది.

దొర అడిగారు, నేను తెలుగులో చెప్పాను. మంగళవారం తెల్లవారుజామున ఇక్కడ ఎవరైనా పోయారా? పోయారండి, బుట్టలాయన. నువ్వు స్టేషనులో చెప్పావా? అప్పుడే లాంతరు పట్టుకుని పరుగెత్తి చెప్పానండి. దొర రిజిస్టరు తెప్పించారు. మంగళవారం పేజీలో ఏమీ లేదు. మరి బుధవారం తెల్లవారుజామున? బుధవారమా? ఏమీ జరగలేదండి. దొర బుధవారం పేజీ తెరిచి చూపించారు. గేటుమేన్ వచ్చి చెప్పగా రాసినట్టు అక్కడ స్పష్టంగా ఉంది. గేటుమేన్ చదవలేని ఆ పేజీని చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

స్టేషను మాస్టరును అడిగితే ఆయన, తనకు చెప్పింది తాను రాశానని, చెప్పనిది ఎలా రాస్తానని అన్నాడు. ఆయన తప్పూ లేదు.

దొర లెక్క ఇలా తేల్చారు. మంగళవారం గేటుమేన్ నిద్రపోతున్నాడు, చావు చూడలేదు, చెప్పలేదు. బుధవారం ఇంకొకడు పోతే చెప్పాడు. ఇప్పుడు మొదటిదాన్ని కప్పిపుచ్చడానికి, చెప్పినది మంగళవారపు చావే అంటున్నాడు. జరిగినదాన్ని జరగలేదంటున్నాడు, చెప్పనిదాన్ని చెప్పానంటున్నాడు. ఇలాంటి మనిషి చేతిలో గేటు ఉంచడం ప్రమాదం. మద్రాసుకు రాసి ఉత్తరువు వచ్చేదాకా పనిలోంచి నిలిపివేస్తున్నామని, ఉత్తరువు రాగానే ఇల్లు ఖాళీ చెయ్యాలని నా నోటితోనే చెప్పించారు.  గేటుమేన్ గోడకు తగిలించిన ఎర్రజెండా, పచ్చజెండా తీసి, రెండూ చుట్టి, నా చేతిలో పెట్టాడు.

దొర కాలువ వంతెన గట్టు చూసివస్తానని అటు నడిచారు. అప్పుడు అతని భార్య నా దగ్గరకు వచ్చింది. ఏడవలేదు. చేతిలో ఒక తట్ట ఉంది.

"మీరు చదువుకున్నోరు. ఒక్క సంగతి వినండి" అంది. "మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదండి. ఆ బుట్టలాయన ఆ మజ్జాన్నం సంతలో నా పక్కనే కూకున్నాడు. నా దగ్గర ఆనపకాయ తీసుకుని ఈ తట్ట ఇచ్చాడు. తెల్లారగట్ట మా గేటు దగ్గరే పోయాడండి. ఆ తట్ట చూస్తే నాకు అన్నం ఎక్కట్లేదు."

"ఏ సంతమ్మా?"

"మంగళారం సంతేనండి. మాకింకే సంతుంది?"

"అతను పోయింది ఏ వారం?"

"ఆ మంగళారమే కదండీ."

నాకు చిరాకు వచ్చింది. తెల్లవారుజామున పోయినవాడు అదేరోజు మధ్యాహ్నం సంతలో ఆనపకాయ ఎలా తీసుకుంటాడు? ముందు వారం సంత గాని కాదు కదా అని అడిగాను.

"కాదండీ. పొద్దున్నే సంతకెళ్లాం, పొద్దుగూకి వచ్చాం, తిన్నాం, పడుకున్నాం, తెల్లారగట్ట మెయిలొచ్చింది. ఒక్కరోజే కదండీ అంతా." ఇంత చిన్న సంగతి అర్థం కాదేమిటని నా వైపు జాలిగా చూసింది.

ట్రాలీ తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాట నా తలలో చక్రంతో పాటు తిరిగింది. చచ్చినవాడు సంతకెళ్లాడు. ఆవిడ చెప్పిన వరస చూస్తే అందులో తప్పు లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఆ తర్వాత తెల్లవారుజాము. నా పట్టీలో తెల్లవారుజాము రోజుకు మొదట ఉంటుంది. ఆవిడ రోజులో అది చివర ఉంది.

ఇంటికి చేరేసరికి మా అమ్మ పెరట్లో తులసికోట దగ్గర దీపం సర్దుతోంది. నేను చెప్పులు కూడా విడవకుండా అడిగాను.

"అమ్మా, నేను పుట్టినప్పుడు పొద్దు పొడిచిందా?"

"ఎక్కడ్రా? ఇంకా చీకటి. మంత్రసాని దీపం అడిగింది."

"మరి శనివారమని ఎలా అంటావు?"

మా అమ్మ వత్తి ఎగదోసి నా వైపు తిరిగింది. "పొద్దు పొడిస్తే ఆదివారమయ్యేది కదరా. పొడవకముందే వచ్చావు. శనివారం రాత్రి, తెల్లారితే ఆదివారం" అంది.

నేను లోపలికి పోయి నా నోటుబుక్కు తీశాను. అర్థమైనవి రాసుకున్న నోటుబుక్కు. పంచాంగాల పుస్తకం నుంచి కొన్ని నెలల కిందట నా చేత్తో నేనే ఎక్కించిన వాక్యాలున్నాయి. ఏ జాతి రోజును ఎక్కడ మొదలుపెడుతుందో వరసగా ఉంది. కొందరు సూర్యాస్తమయం నుంచి, కొందరు అర్ధరాత్రి నుంచి, హిందువులు సూర్యోదయం నుంచి. ఆ చివరి మాట కింద గీత కూడా గీశాను. గీత గీసినవాడికి ఆ హిందువులు తన ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరుతున్నారన్న సంగతి తట్టలేదు. ఎక్కడో సముద్రాల అవతలి జాతి గురించి చదివినట్టు చదివి, పుస్తకం మూసి, మా అమ్మకు ఆమె వారం తప్పని చెప్పడానికి పోయాను.

మర్నాడు ఆఫీసులో హెడ్ గుమాస్తాగారికి అంతా చెప్పాను. చచ్చింది ఒక్కడే. గడియారం ప్రకారం బుధవారం, ఊరి ప్రకారం మంగళవారం. స్టేషను మాస్టరు గడియారం చూసి రాశాడు, మునసబు పొద్దు చూసి రాశాడు. గేటుమేన్ ఇద్దరికీ ఒకటే నిజం చెప్పాడు. ఇద్దర్ని చేసింది నేను.

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు. "నీ కాగితం మీద దొర భేష్ అని రాశాడా లేదా? ఇప్పుడు ఆ కాగితం తప్పని నువ్వే రాస్తే, భేష్ అన్నవాడు ఏమైనట్టు? ఊరుకోవయ్యా. ఒక గేటుమేన్ పోతే ఇంకో గేటుమేన్ వస్తాడు."

ఆయన మాటలో న్యాయం లేకపోయినా నిజం ఉంది. నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. ఆ పూట ఏమీ రాయలేదు. కాని గేటుమేన్ ఇచ్చిన జెండాలు నా బల్ల కిందనే ఉన్నాయి, కాలు కదిపినప్పుడల్లా తగిలేవి. మధ్యాహ్నం భోజనానికి పోకుండా కాగితం ముందు పెట్టుకున్నాను.

నాలుగు పేజీలు రాశాను. నా జీవితంలో అంత మంచి ఇంగ్లీషు అంతకుముందు రాయలేదు. మొదటి వాక్యంలోనే తప్పు నాదని పెట్టాను. తర్వాత పఠనాలయం పుస్తకంలోని వాక్యాలు పేజీతో సహా చూపాను. మా వీధి పురోహితుడి దగ్గర పంచాంగం అరువు తెచ్చి, అందులో ప్రతి ఘడియా సూర్యోదయం నుంచే లెక్కపెట్టి ఉంటుందని ఒక పేజీ తర్జుమా చేసి జతపరిచాను. సంత సంగతి, తట్ట సంగతి రాశాను. చివర ఒక మనవి చేశాను: మునసబును పిలిపించి ఒక్క ప్రశ్న అడగండి.

దొర చదివి నన్ను పిలిచారు. ముఖం ఎర్రగా ఉంది. రోజు అర్ధరాత్రి మొదలవుతుందని పసిపిల్లలకు కూడా తెలుసునని, పురోహితుడి పుస్తకంతో రైళ్లు నడపలేమని అన్నారు. రైళ్లు గడియారంతోనే నడుస్తాయి, మనుషులు ఇంకా పొద్దుతోనే నడుస్తున్నారు అని నేనన్నాను. అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన కలం బల్ల మీద తట్టి, కలెక్టరు కచేరీకి రాయిస్తాను పొమ్మన్నారు. మునసబు మా నౌకరు కాడు. మేము పిలిస్తే రావలసిన పని ఆయనకు లేదు. మొదటే ఆయన్ని అడగకపోవడానికి కారణం కూడా అదే. నన్ను మాత్రం, ఇది పొరపాటైతే ప్రమాదాల పట్టీ ఇంకొకరి చేతికి వెళుతుందని హెచ్చరించారు.

పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ నేను పఠనాలయం గడప తొక్కలేదు. మద్రాసు ఉత్తరువు ముందొస్తుందో, మునసబు ముందొస్తాడో తెలియదు. రోజూ టపా వచ్చినప్పుడల్లా నా చూపు ముందు మద్రాసు ముద్ర కోసమే వెతికేది.

మునసబే ముందొచ్చారు. పెద్ద తలపాగా, చంకలో గుడ్డలో చుట్టిన డైరీ. రైలాఫీసుకు తనను పిలవడం ఆయనకు చిన్నతనంగా ఉందని ముఖంలోనే తెలుస్తోంది. గేటుమేన్‌ను కూడా పిలిపించారు, వరండాలో గోడకు ఆని నిలబడ్డాడు. హెడ్ గుమాస్తాగారు ఏదో కాగితం వెతుకుతున్నట్టు దొర గదిలోకి వచ్చి అక్కడే ఉండిపోయారు.

నేను రాసిచ్చిన ప్రశ్ననే దొర అడిగారు. నేను తెలుగు చేశాను. "మీ ఊళ్లో బుధవారం పొద్దు పొడవడానికి రెండు గంటల ముందు ఒక బిడ్డ పుట్టిందనుకోండి. జననాల రిజిస్టరులో ఏ వారం రాస్తారు?"

మునసబుగారు దొర వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. తనను ఆటపట్టిస్తున్నామేమోనని అనుమానం.

"మంగళవారమేనండి" అన్నారు. "పొద్దు పొడవందే బుధవారం ఎక్కడ్నుంచి వస్తుందండీ?"

నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు. దొర కుర్చీలో వెనక్కి వాలారు. బుట్టలాయన పోయిన రోజు ఏ వేళకు మీ దగ్గరకు కబురు వచ్చింది, మీరు ఎన్ని శవాలు చూశారు అని అడిగారు. మునసబుగారు డైరీ విప్పారు. సంతరోజు రాత్రి, తెల్లవారకముందే గేటుమేన్ స్టేషను నుంచి తిరిగి వస్తూ తన తలుపు తట్టాడని, పొద్దెక్కాక పంచనామా చేశానని, శవం ఒక్కటేనని, పక్కన విరిగిన కావడి, ఆరు బుట్టలు, ఒక ఆనపకాయ ఉన్నాయని చదివారు. దొర స్టేషను రిజిస్టరు బుధవారం పేజీ తెరిచి, తనిఖీనాడు మేమెవరం పట్టించుకోని వస్తువుల గడితో సహా చదివారు. గుర్తుతెలియని పురుషుడు, కావడి, ఆరు బుట్టలు. ఆనపకాయను స్టేషను మాస్టరు రాయలేదు. అది ప్రమాదాల రిజిస్టరులో రాయవలసిన వస్తువు కాదు.

దొర నవ్వారు. మొదట సన్నగా, తర్వాత పెద్దగా. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. నా పాత కాగితం తెప్పించి, తాను రాసిన భేష్ అన్న మాటను తానే కొట్టేసి, దాన్నే నా కొత్త కాగితం మీద రాశారు. మద్రాసుకు అప్పటికప్పుడు తంతి కొట్టించారు. జెండాలు ఎక్కడున్నాయని నన్ను అడిగారు. నేను పరుగెత్తి నా బల్ల కింది నుంచి తెచ్చాను. ఆయన వాటిని అందుకుని వరండాలోకి నడిచి, గేటుమేన్ చేతికి తానే ఇచ్చారు.

హెడ్ గుమాస్తాగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "చిత్రగుప్తుడు కూడా ఒకసారి లెక్క తప్పి, ఒకడి బదులు ఇంకొకణ్ని తెచ్చాడంటారు. నువ్వు ఒకణ్నే రెండుసార్లు తెచ్చి, మళ్లీ ఒకణ్ని వెనక్కి పంపావు. నువ్వే మెరుగు" అన్నారు. ఆ మెప్పుకంటే పెద్దది నాకు ఈ ఉద్యోగంలో మళ్లీ రాలేదు.

ఆ తర్వాత పాత కట్టలన్నీ దించాను. అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య జరిగిన ప్రమాదాలన్నీ వేరు చేసి, మునసబుల పట్టీలతో ఒక్కొక్కటిగా పోల్చాను. అలా ఇద్దరైన మనుషులు మరికొందరు దొరికారు. ఎక్కడో ఒకసారి చచ్చి, కచేరీల మధ్య ఇంకోసారి కూడా చావవలసి వచ్చిన అభాగ్యులు. వాళ్లందర్నీ ఒక్కొక్కరిగా చేశాను. దొర ఉత్తరువు మీద మా లైనులోని స్టేషన్ల ఫారాల్లో కొత్త వరుస చేరింది. చీకటి ఉండగా జరిగినదైతే రెండు వారాలూ రాయాలి: మంగళవారం రాత్రి, తెల్లవారితే బుధవారం. మా అమ్మ మాటే అది. ఆవిడ మాట సర్కారు ఫారం మీద అచ్చయింది. ఇంటికి ఒక ఫారం తెచ్చి చదివి వినిపిస్తే, "దీనికి కూడా అచ్చు వెయ్యాలా?" అంది. ఆ శనివారం నువ్వులనూనె దీపం నేనే అడగకుండా పెట్టాను.

ఏడాది చివర సర్కారు పుస్తకం పఠనాలయానికి వచ్చింది. అలాంటి పుస్తకాలు అక్కడ ఎవరూ తెరిచేవారు కాదు, మడతల దగ్గర అంటుకుని వచ్చిన పేజీల అంచులు కోయకుండానే అరలోకి పోయేవి. ఈసారి నేను చాకు తీసుకుపోయి కూర్చుని, ఒక్కొక్క పేజీ కోసుకుంటూ మా లైను పట్టిక దాకా పోయాను. మూడో జాతి, తన అజాగ్రత్త, మరణాలు. ఆ గడిలో ఉన్న అంకె నా పట్టీలో ఉన్న అంకే. చూడటానికి మిగతా అంకెల్లాంటిదే. దాన్ని చదివే ఏ మనిషికీ దాని వెనకున్న బుట్టలాయన కనపడడు. నాకు కనపడ్డాడు. కావడి దించి కూర్చుని ఆనపకాయ బేరమాడుతున్నాడు.

గేటుమేన్ ఉద్యోగం, ఇల్లు రెండూ నిలిచాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నేను కిటికీ దగ్గర కూర్చునేవాణ్ని. పచ్చజెండా ఎత్తి పట్టుకుని నిటారుగా నిలబడి ఉండేవాడు. ఒకసారి పనిమీద ట్రాలీలో పోతూ ఆగాను. అతని భార్య గుమ్మంలో అదే తట్టలో వడియాలు ఎండబెడుతోంది. నేను, ఇక మీదట ఎవరైనా అడిగితే బుట్టలాయన పోయింది బుధవారమని చెప్పమని, రైల్వే లెక్కలో అలాగే తేలిందని నవ్వుతూ అన్నాను.

గేటుమేన్ నవ్వలేదు. ఆలోచించాడు.

"దొరగారి పుస్తకంలో దొరగారికి ఎలా కావాలంటే అలా రాసుకోమనండి. మీరు నాకు చేసిన మేలు నేను మరవను. కాని బాబూ, ఆయన పోయింది మంగళారమేనండి" అన్నాడు.

దూరంగా బండి కూత వినపడింది. అతను నాకు దండం పెట్టి, గేటు వేయడానికి వెళ్లాడు.